మిల్లీమీటరు అంచు మీద సుత్తి

టెక్సస్‌లో స్థిరపడిన ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆత్మరక్షణకు పనికొస్తుందని భార్య కోసం ఆయన చిన్న రివాల్వర్ ఒకటి కొన్నారు. తేలిగ్గా ఉంది, అరచేతిలో ఇమిడిపోతుంది. తీరా షూటింగ్ రేంజికి వెళ్తే ఆవిడకు ట్రిగ్గర్ లాగడం ఒక వేలితో సాధ్యం కాలేదు. రెండో చేతి వేలు కూడా సాయం పెట్టి లాగితే గొట్టం కిందికి వాలిపోయింది. ఇంట్లోనే విప్పి, లోపలి భాగాలను ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, స్ప్రింగు మారిస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారట. చేయవచ్చా? అసలు అంత చిన్న వస్తువుకు అంత మొండి ట్రిగ్గర్ ఎందుకు?

అమెరికాలో ఇలాంటి సందర్భాల్లో చాలామంది కొనే స్మిత్ అండ్ వెసన్ 642నే తీసుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు దాని బరువు దాదాపు 425 గ్రాములు. దాని ట్రిగ్గర్‌ను చివరిదాకా లాగాలంటే దాదాపు 12 పౌండ్లు, అంటే అయిదున్నర కిలోల బలం పెట్టాలి. తుపాకీ బరువుకు పన్నెండు రెట్ల పైమాటే! వేలు వెనక్కి లాగుతుంటే అరచేయి ముందుకు ఆనిక ఇవ్వాలి. ఆ రెండింటి మధ్య తూకం రవ్వంత తప్పినా 425 గ్రాముల వస్తువు ఇట్టే పక్కకు తిరుగుతుంది. ఆవిడ చెయ్యి వణికిందంటే అది భయం వల్ల కాదు, లెక్క అలా ఉంది కాబట్టి.

ఆ బలమంతా ఎక్కడికి పోతోంది? 1836లో శామ్యూల్ కోల్ట్ పేటెంటు పొందిన రివాల్వర్‌లో సుత్తిని, అంటే హ్యామర్‌ను, బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టాలి. ట్రిగ్గర్ చేసేది దాన్ని వదిలిపెట్టడం ఒక్కటే. 1851లో లండన్‌లో రాబర్ట్ ఆడమ్స్ ఆ రెండు పనులూ ట్రిగ్గర్‌కే అప్పగించాడు. డబుల్ యాక్షన్ అనేది దీన్నే. వేలు ఒక్కసారి లాగగానే సిలిండర్ తిరగాలి, సుత్తి వెనక్కి లేవాలి, దాని వెనకున్న పెద్ద స్ప్రింగు ముడుచుకోవాలి, ట్రిగ్గర్‌ను మళ్లీ ముందుకు తోసే చిన్న స్ప్రింగు కూడా ముడుచుకోవాలి, ఆఖరున సుత్తి జారిపోవాలి. తూటా అడుగున ఉండే ప్రైమర్ అంటుకోవాలంటే సుత్తి దెబ్బకు ఇంత శక్తి అని ఒక కనీస లెక్క ఉంది. ఆ శక్తి స్ప్రింగులోంచి రావాలి, స్ప్రింగులోకి వేలి నుంచి రావాలి. ఇందులో దొడ్డిదారి లేదు. మెత్తటి స్ప్రింగు వేస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది, నిజమే. కానీ ప్రైమర్ గట్టిగా ఉన్న తూటా వచ్చిన రోజున టక్కుమనే శబ్దం వస్తుంది తప్ప తుపాకీ పేలదు. ఆత్మరక్షణకని కొన్న ఆయుధం చేయగల అతి పెద్ద ద్రోహం అదే.

శక్తి తగ్గించలేకపోయినా పంపకం మార్చవచ్చు. పని అంటే బలాన్ని దూరంతో హెచ్చవేసింది. మామూలు రివాల్వర్ ట్రిగ్గర్ లాగుతున్నకొద్దీ బిగుసుకుని, చివర్లో కొండెక్కినట్టవుతుంది. 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్ రివాల్వర్‌లో, ట్రిగ్గర్ కదలికను సుత్తికి అందించే కామ్ వంపును మార్చి, ఆ శిఖరాన్ని చదునుచేసి, బలాన్ని ప్రయాణం పొడుగునా పరిచారు. అది గీత గీసి సాధించిన మార్పు. రుద్దుడుతో వచ్చేది కాదు.

ఇక రుద్దుడు సంగతి. ఈ కథ చాలా పాతది, మహా రుచికరమైనది. రెండు ఉపరితలాల మీది గరుకు మిట్టలు ఒకదాన్నొకటి పట్టుకోవడమే రాపిడికి కారణమని 1699లో ఫ్రాన్స్‌లో గిలోమ్ ఆమోంటోన్స్ అన్నాడు. 1785లో కూలుంబ్ అంతటివాడు కూడా ఇంచుమించు అదే దారిన నడిచాడు. మిట్టలే కారణమైతే మందు సులువు: అరగదీయడమే. ఇంటి బల్ల మీద ఉప్పుకాగితం పట్టుకున్న ప్రతివాడూ తెలియకుండానే ఆమోంటోన్స్ శిష్యుడు. కానీ జాన్ డెసాగ్యులియర్స్ 1720ల్లోనే రెండు సీసపు గుండ్లకు కొంచెం ముక్క కోసి, ఆ తాజా ముఖాలను కలిపి మెలితిప్పుతూ నొక్కితే అవి ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోతాయని చూపించాడు. మరీ నున్నగా చేస్తే రాపిడి పెరగవచ్చని అర్థం. ఆ మాటను రెండు శతాబ్దాలు ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని నిలబెట్టి, 1950లో పుస్తకంగా వెలువరించారు. రెండు లోహాలు ఆనినట్టు కనిపించే చోట నిజంగా తాకేది కొన్ని మిట్టల కొసలే. ఆ కొసల దగ్గర లోహం లోహంతో అతుక్కుంటుంది, జారాలంటే ఆ అతుకులు తెగాలి. అందుకే అద్దంలా మెరిసినంత మాత్రాన ట్రిగ్గర్ తేలిక కాదు. మిషను మిగిల్చిన చారలు, బొడిపెలు పోతే లాభమే. ఆ తరువాత మంచి నూనె చుక్క చేసేంత మేలు సానరాయి చేయదు.

అసలు ప్రమాదం సియర్ దగ్గర ఉంది. సుత్తిని వెనక్కి లాగి నిలబెట్టే తుపాకుల్లో దాన్ని ఆపి ఉంచే కొసకు ఆ పేరు. ఎలుకబోనులో తీగ కొక్కెం మీద ఆనినట్టు, సుత్తి గాటు సియర్ కొస మీద ఆనుతుంది. ఆ ఆనిక మిల్లీమీటరులో కొద్ది భాగం. స్ప్రింగు బలమంతా ఆ అంచు మీదే నిలిచి ఉంటుంది. గాటు ముఖం కాస్త లోపలికి వాలి ఉంటే, సియర్ జారేముందు సుత్తిని వెంట్రుకవాసి వెనక్కి తోయాలి. ట్రిగ్గర్ కొంచెం బరువనిపిస్తుంది, కానీ సుత్తి తనంతట తాను జారదు. కోణం బయటి వైపు తిరిగితే సుత్తే సియర్‌ను తోసెయ్యాలని చూస్తుంది, రాపిడి ఒక్కటే అడ్డం. అప్పుడు ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది, చిన్న కుదుపుకు తుపాకీ పేలుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా కంటికి ఆనదు. చేత్తో పట్టుకున్న సానరాయి ఇటూ అటూ ఊగి అంచును గుండ్రం చేస్తుంది.

ఇంకొకటి. ఈ భాగాలకు గట్టిదనం చాలాసార్లు పైపొరలోనే ఉంటుంది. ఆ పల్చటి పొర అరిగిపోతే కింద మెత్తటి ఉక్కు బయటపడుతుంది. పనిచేసిన రోజున ట్రిగ్గర్ అద్భుతంగా ఉంటుంది. వాడేకొద్దీ మెత్తటి అంచు నలిగి, కోణం ఎవరికీ చెప్పకుండా మారిపోతుంది.

సుత్తి బయటికి కనిపించే స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో హ్యామర్ బ్లాక్ అనే పల్చటి ముక్క ఉంటుంది. రాపిడి తగ్గుతుందని కొందరు దాన్ని పీకేస్తారు. అది ఇప్పటి రూపానికి రావడం వెనక ఒక ప్రాణం పోయింది. 1944లో అమెరికా నౌకాదళంలో గుళ్లు నింపిన రివాల్వర్ ఉక్కు డెక్కు మీద పడి పేలి, నావికుడొకడు చనిపోయాడు. ఆ తరువాతే కంపెనీ కొత్త బ్లాక్ తయారుచేసింది. ఫ్యాక్టరీలకూ తప్పులు తప్పవు. సిగ్ సావర్ పీ320 పిస్టల్ ఒక ప్రత్యేక కోణంలో నేల మీద పడితే, పిస్టల్ ఆగినా ట్రిగ్గర్ తన సొంత బరువు వల్ల జడత్వంతో కదులుతూ పోయి పేల్చగలదని 2017లో బయటపడింది. ఆ ఆగస్టులో కంపెనీ ప్రకటించిన మార్పుల్లో ముఖ్యమైనది తేలికైన ట్రిగ్గర్ ముక్క. కాలిఫోర్నియాలో అమ్మకానికి అనుమతి కావాలంటే పిస్టల్‌ను మీటరు పైన ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద రకరకాల భంగిమల్లో పడేసి చూస్తారు. అంత సరంజామా వంటింటి బల్ల మీద ఎవరికుంటుంది?

కొనుగోలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో సొంత డబ్బుతో కొని బహుమతిగా ఇవ్వడం తప్పు కాదు. ఆవిడ డబ్బుతో, ఆవిడ తరఫున కొంటూ, దుకాణంలో నింపాల్సిన 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు తానేనని సంతకం చేస్తే మాత్రం నేరం. బంధువు కోసం గ్లాక్ పిస్టల్ కొన్న అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు 2014లో తేల్చింది ఇదే. తెలుగు కుటుంబాలు గమనించాల్సింది మరొకటుంది. హెచ్1బీ, హెచ్4 వంటి వీసాల మీద ఉన్నవాళ్లకు హంటింగ్ లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. బహుమతిగా వచ్చిందన్నా చెల్లదు.

ఆడవాళ్లకు చిన్నది, తేలికైనది చాలన్న నమ్మకమే ఈ గొడవకంతా మూలం. 2014లో కాన్పూరు ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ మహిళల కోసమని 500 గ్రాముల నిర్భీక్ రివాల్వర్‌ను తెచ్చినప్పుడూ బరువు తక్కువన్న సంగతే గొప్పగా చెప్పారు. తుపాకీ తేలికయ్యేకొద్దీ వెనక్కి తన్నడం ఎక్కువవుతుంది, ట్రిగ్గర్ లాగుతుంటే నిలకడ తగ్గుతుంది. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల పాత మోడల్ 10 రివాల్వర్ 642కు రెట్టింపు పైగా బరువుంటుంది, చేతిలో ఎంతో కుదురుగా నిలుస్తుంది. పిస్టల్ అయితే, స్లైడు సులువుగా లాగేలా 2018లో తెచ్చిన షీల్డ్ ఈజీ 380 ఉంది. ఆ పాఠకుడు రివాల్వర్‌ను విప్పకుండా దుకాణానికి తిరిగి తీసుకెళ్లి, ఈసారి ఖాళీ తుపాకులు నాలుగైదు ఆవిడ చేతికే ఇప్పించి, ఒక్క వేలితో ట్రిగ్గర్ చివరిదాకా లాగి చూసుకోనివ్వాలి. ఉన్నదాన్నే బాగుచేయించాలనుకుంటే, ఆ మోడల్ మీద అనుభవమున్న గన్‌స్మిత్‌కు అప్పగించాలి.