మాటిమాటికీ మూత్రం, మంట: దాచుకోవలసిన జబ్బు కాదు



ఒంటికి వెళ్ళినప్పుడు మంట, వెళ్ళి వచ్చిన పావుగంటకే మళ్ళీ వెళ్ళాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి. ఈ బాధ మన ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళకు తెలుసు. "వేడి చేసింది" అనుకుని మజ్జిగ, కొబ్బరినీళ్ళు, సబ్జా నీళ్ళు తాగి ఊరుకుంటారు. నీళ్ళు ఒంటబట్టడం మంచిదే, మంట కాస్త తగ్గినట్టు కూడా ఉంటుంది. కాని లోపల క్రిములు చేరి ఉంటే అవి చలవకు చావవు. పది రోజులకు బాధ మళ్ళీ మొదలవుతుంది. సిగ్గుపడి భర్తకు చెప్పరు, అత్తగారికి చెప్పరు, నర్సమ్మకూ చెప్పరు. అందుకే ఈ కాగితం భార్యాభర్తలిద్దరూ చూడాలి. ఒకరు చదవండి, ఒకరు వినండి.

ఎందుకు వస్తుంది?

మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేస్తాయి. అది రెండు సన్నని గొట్టాల గుండా మూత్రపు సంచిలోకి దిగి, అక్కణ్ణించి మూత్రనాళం ద్వారా బయటికి వస్తుంది. మగవారిలో ఈ నాళం సుమారు 8 అంగుళాలు ఉంటుంది. ఆడవారిలో ఒకటిన్నర అంగుళమే, పైగా మలద్వారానికి దగ్గర. అందుచేత పేగుల్లో ఉండే క్రిములు ఆడవారిలో సులువుగా పైకి పాకుతాయి. సంచి లోపలి పొర వాచిపోతే కొంచెం మూత్రం చేరినా ఓర్చుకోలేదు. అందుకే మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత మన డెల్టా చేలకు కాలవ నీళ్ళు పారాయి. కాని ఆ చేలో ఊడ్పులకు దిగిన ఆడమనిషి పొద్దుటినుంచి సాయంత్రందాకా గ్లాసెడు నీళ్ళు తాగదు. తాగితే ఒంటికి వెళ్ళాలి, గట్టుమీద చాటు ఉండదు. నీళ్ళు తాగక, వచ్చిన మూత్రం బిగబట్టి ఉంటే క్రిములు సంచిలో పెరిగిపోతాయి. రైతులు చేనిగట్టు మీద నాలుగు కర్రలు పాతి, కొబ్బరాకు తడికతో చాటు కట్టిస్తే ఎంతోమందికి ఈ బాధ తప్పుతుంది.

ఆపరేషన్ వల్ల వస్తుందా?

"కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే మూత్రపు జబ్బు పట్టుకుంటుంది" అని కొందరంటారు. ఇది సరికాదు. ఆడవారి ఆపరేషన్‌లో ముట్టుకునేది అండం ప్రయాణించే నాళాలను. మగవారి ఆపరేషన్‌లో వీర్యకణాలు వచ్చే నాళాలను. మూత్రం దారి వేరు. అయితే ఆపరేషన్ సమయంలో మూత్రానికి గొట్టం వేసి ఉంటే, తర్వాత కొద్దిరోజుల్లో క్రిములు చేరే అవకాశం ఉంది. మంట కనిపిస్తే వెంటనే చెప్పండి, మందులతో నయమవుతుంది. కాపర్-టి వేయించుకున్నాక, ముఖ్యంగా మొదటి మూడు వారాల్లో, పొత్తికడుపు నొప్పి, జ్వరం, వాసనతో కూడిన తెల్లబట్ట ఉంటే అది గర్భసంచికి సంబంధించినది కావచ్చు. ఆ రోజే కేంద్రానికి రండి.

భార్యకు మంట వచ్చిందని ఆమెను అనుమానించకండి. కలయిక తర్వాత క్రిములు పైకి వెళ్ళడం ఏ తప్పూ లేని ఇల్లాలికీ జరుగుతుంది. కలిసిన తర్వాత ఒంటికి వెళ్ళి రావడం మంచి అలవాటు. మూత్రద్వారం నుంచి చీము కారినా, మర్మావయవాల మీద పుండ్లున్నా అది సుఖవ్యాధి కావచ్చు. అప్పుడు ఇద్దరూ కలిసి వైద్యం చేయించుకోవాలి. నయమయ్యేదాకా కలయిక మానాలి. ఒక్కరే మందు వాడితే జబ్బు మళ్ళీ తిరిగి వస్తుంది.

మొదట ఏం చెయ్యాలి?

ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మూత్రం పరీక్ష చేయించుకోండి. మొదటి ధార వదిలేసి, మధ్య ధార శుభ్రమైన సీసాలో పట్టాలి. డాక్టరు ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులూ మందు వాడాలి. మంట తగ్గిందని రెండు బిళ్ళలతో ఆపేస్తే మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి. కొట్లో అడిగి కొన్న మందులు, ఇరుగమ్మ వాడగా మిగిలినవి వాడుతూ పోతే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. రోజుకు 8 నుంచి 10 గ్లాసుల నీళ్ళు తాగండి, ఎండలో పనిచేసే రోజు ఇంకా ఎక్కువ తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. దొడ్డికి వెళ్ళాక ముందునుంచి వెనక్కి కడుక్కోవాలి.

పెద్దాసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

ఇక్కడే చాలామంది ఆలస్యం చేస్తారు. కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా "చూద్దాంలే" అనకండి.

* చలి, జ్వరం, డొక్కలో లేదా నడుము పక్కన నొప్పి, వాంతులు: క్రిములు మూత్రపిండానికి ఎక్కాయన్నమాట. అదే రోజు వెళ్ళాలి.
* మూత్రం బిగుసుకుని అసలు రాకపోవడం: ఇదీ ఆ రోజే. వాహనం దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.
* మందు మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా తగ్గకపోవడం.
* ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు రావడం.
* మూత్రంలో రక్తం: నొప్పి లేకుండా ఒక్కసారి పడినా సరే. రాయి కావచ్చు, సంచిలో పుండు కావచ్చు, కాన్సరు కావచ్చు. లంక పొగాకు చుట్ట కాల్చేవారు మరీ అశ్రద్ధ చేయరాదు. పొగాకు వల్ల మూత్రాశయ కాన్సరు ముప్పు పెరుగుతుంది.
* గర్భిణీ అయితే: మంట తక్కువే అయినా వెంటనే చూపించాలి. వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు.
* మగవారికి, చిన్నపిల్లలకు, షుగరు ఉన్నవారికి వచ్చినప్పుడు. వయసు మళ్ళిన మగవారిలో ప్రొస్టేటు గ్రంథి పెరిగి ఉండవచ్చు.
* కష్టమైన కాన్పు తర్వాత మూత్రం తెలియకుండా కారుతూ ఉండడం. దీనికి ఆపరేషన్ ఉంది. ఆ ఇల్లాలిని మూల కూర్చోబెట్టకండి.

అక్కడ స్కాను తీస్తారు. మూత్రాన్ని కల్చరు పరీక్షకు పంపి, ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో చెబుతారు. అవసరమైతే సన్నని గొట్టంతో సంచి లోపల చూస్తారు. మూత్రంలో చీము ఉండి మామూలు క్రిములు కనబడకపోతే, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ ఉందేమో పరీక్షిస్తారు. క్షయ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. కొందరికి ఏ క్రిమీ లేకుండానే నెలల తరబడి సంచి నొప్పి ఉంటుంది. అది మనసులో భ్రమ కాదు, దానికీ వైద్యం ఉంది.

ముందు మీ ఊరి ఏ.ఎన్.ఎమ్.కి, ఆశా కార్యకర్తకు చెప్పండి. వారు అమలాపురం, నరసాపురం, తణుకు, తాడేపల్లిగూడెం ప్రభుత్వ ఆసుపత్రుల్లో మీకు దగ్గరిదానికి పంపుతారు. అవసరాన్ని బట్టి అక్కణ్ణించి రాజమండ్రి, కాకినాడ పెద్దాసుపత్రులకు, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు. మూత్రవ్యాధుల నిపుణుణ్ణి యూరాలజిస్టు అంటారు, ఆ పేరుతో అడగండి. పాత చీటీలు, పరీక్ష కాగితాలు, వాడిన మందుల అట్టలు, రేషను కార్డు, ఆధారు వెంట తీసుకువెళ్ళండి.

భర్తలకు ఒక మాట: ఆమె చెప్పేదాకా ఆగకండి. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నదంటే మీరే అడగండి, మీరే వెంటబెట్టుకుని రండి.