పాతబడిన ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కార్లు: మరమ్మతు నైపుణ్యం

విద్యుత్ వాహనాల గురించి మాట్లాడేటప్పుడు మనం కొత్తవాటినే తలుచుకుంటాం. అవి పాతబడితే బాగుచేసేది ఎవరన్న ప్రశ్నకు టెస్లా రోడ్‌స్టర్ మంచి ఉదాహరణ. 2008 నుంచి 2012 వరకు ఈ కార్లు సుమారు 2,450 మాత్రమే తయారయ్యాయి. ఇంత తక్కువ సంఖ్యలో తయారై ఆగిపోయిన కారుకు విడిభాగాలు దొరకడం కష్టం. దాని లోపలి సంగతులు తెలిసిన మనిషి దొరకడం అంతకంటే కష్టం.

అసలు చిక్కు బ్యాటరీలో ఉంది. సుమారు 450 కిలోల బరువుండే ఆ పెట్టెలో లాప్‌టాప్‌లలో వాడే రకం చిన్న లిథియం అయాన్ ఘటాలు 6,831 ఉంటాయి. 69 ఘటాలను సమాంతరంగా కలిపితే ఒక ‘ఇటుక’. 9 ఇటుకలను శ్రేణిలో కలిపితే ఒక ‘పలక’. అలాంటి 11 పలకలు శ్రేణిలో కలిస్తే మొత్తం బ్యాటరీ. అంటే శ్రేణిలో 99 ఇటుకలున్నాయన్నమాట. శ్రేణి సంధానంలో అన్నింటి గుండా ఒకే విద్యుత్ ప్రవాహం పోతుందని మీకు తెలుసు. ఒక ఇటుకలో కొన్ని ఘటాలు చెడితే ఆ ఇటుక మిగతావాటికంటే ముందే ఖాళీ అవుతుంది. అప్పుడు మిగిలిన 98 ఇటుకల్లో ఛార్జి ఉన్నా కారు ఆగక తప్పదు.

ఇలాంటి కారును చూసి ‘బ్యాటరీ మొత్తం మార్చాలి’ అనడం తేలిక. ఆ ఒక్క మాటతో యజమాని కారునే వదులుకోవలసి రావచ్చు. నిపుణుడు అంత తొందరపడడు. కారు దాచుకున్న సమాచారాన్ని చదివి, ఇటుకల వోల్టేజీలను విడివిడిగా పోల్చి చూస్తాడు. ఒకచోట వోల్టేజి తక్కువగా కనిపిస్తే ఆ ఇటుకే చెడిందా, కొలిచే తీగ తెగిందా, లేక ఆ పలక మీది బోర్డు పాడైందా అని తేల్చుకుంటాడు. లక్షణం ఒకటే, జబ్బులు మూడు. మరికొన్నిసార్లు అసలు కారణం దుమ్మే కావచ్చు. ఈ కారులో మోటారునూ, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెనూ గాలితో చల్లబరుస్తారు. గాలి దారిలో దుమ్ము పేరుకుంటే అవి వేడెక్కి కారు శక్తి తగ్గుతుంది. శుభ్రం చేస్తే సరిపోయే పనికి పెద్ద బిల్లు కట్టడం ఎందుకు?

మరి ఈ నేర్పు ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో ఆ సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన సాంకేతిక నిపుణులు, ఈ కారునే పట్టుకుని పనిచేసే కొద్దిపాటి స్వతంత్ర షెడ్లు దానికి ఆధారం. మా చిన్నతనంలో కొన్ని వాల్వు రేడియోల వెనక అట్ట మీదే సర్క్యూట్ పటం అంటించి ఉండేది, వీధి చివరి మెకానిక్ దాన్ని చూసి బాగుచేసేవాడు. రోడ్‌స్టర్‌కు అలాంటి వీలు చాలా ఆలస్యంగా వచ్చింది. టెస్లా దాని సాంకేతిక పత్రాలను అందరికీ అందుబాటులో పెట్టింది 2023 నవంబరులో, తయారీ ఆగిన పదకొండేళ్లకు.

పత్రాలున్నంత మాత్రాన ఎవరుపడితే వారు పెట్టె విప్పకూడదు. కారు ఆపేసి ఉన్నా బ్యాటరీలో 350 వోల్టులకు పైగా ఏకముఖ విద్యుత్తు ఉంటుంది, అది ప్రాణం తీయగలదు. అందుకే మెకానిక్‌ను ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. ఈ మోడల్ బ్యాటరీని ఇదివరకు ఎన్నిసార్లు విప్పారు? పలకను మాత్రమే మార్చగలరా? పనికి ముందూ తరువాతా ఇటుకల కొలతలు రాసిస్తారా? పని పూర్తయ్యేదాకా కారు ఛార్జి పడిపోకుండా చూసుకుంటారా? చివరి ప్రశ్న చిన్నదిగా తోస్తుంది కానీ, విడిభాగం కోసం నెలల తరబడి ఛార్జి లేకుండా వదిలేస్తే మంచి ఘటాలు కూడా కోలుకోలేనంతగా చెడిపోతాయి.

అభ్యాసం: ఒక ఇటుకలోని 69 ఘటాల్లో 3 పనిచేయడం మానేస్తే, ఆ ఇటుక సామర్థ్యం సుమారు ఎంత శాతం తగ్గుతుంది? మొత్తం కారు ఒక ఛార్జితో వెళ్లగల దూరం మీద దాని ప్రభావం ఏమిటి?