వేడి పెడితే త్వరగా ఊరుతుందా?

ఈ-సిగరెట్‌లో నింపే వేప్ ద్రవాన్ని ఇంట్లో కలుపుకునేవాళ్లు దాన్ని వెంటనే వాడరు. పండ్ల రుచులైతే కొద్ది రోజులు, వెనిలా, పొగాకు రుచులైతే కొన్ని వారాలు సీసాలో ఊరనిస్తారు. అంత ఓపిక లేనివాళ్లు సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెడతారు. వారాల పని గంటల్లో తెమిలిపోతుందని వాళ్ల నమ్మకం. అందులో సగం నిజముంది. మిగతా సగం ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే సీసాలో జరిగే పనులను విడదీసి చూడాలి.

మొదటి పని కలవడం. ఈ ద్రవంలో అధిక భాగం గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. రుచి ద్రవ్యాలు, నికొటిన్ కొద్దిపాళ్లే. 20 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన గ్లిజరిన్ నీటికంటే దాదాపు 1400 రెట్లు చిక్కన. అందులో పడ్డ చుక్క తనంతట తాను సీసా అంతా పరుచుకోవడానికి రోజులు పడుతుంది. 50 డిగ్రీలకు వెచ్చబెడితే ఆ చిక్కదనం పదోవంతుకు పడిపోతుంది. అప్పుడు మూత బిగించి గట్టిగా కుదిపితే చాలావరకు కలిసిపోతుంది. వేడి నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మే నెలలో 45 డిగ్రీలు చూసే నిజామాబాద్‌లో, రేకుల గదిలో పెట్టిన సీసాకు వేడినీళ్ల అవసరమే ఉండదు. చలి దేశాల గదుల్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్కలు ఇక్కడ అలాగే సరిపోవు.

రెండో పని మారడం. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 20 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే పదహారు రెట్లు. రెండు వారాలు ఒక రోజులో ముగిసిపోవాలి. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ సీసాలో ఒక్క చర్య జరగదు, పది జరుగుతాయి. వేడికి ఒక్కోటి ఒక్కో తీరుగా స్పందిస్తుంది. మనకు కావలసినదాన్ని ఏరి, దాన్నొక్కటే వేగం చేయడం వేడి చేతిలో లేదు.

ఈ చిక్కు నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌కు కొత్త కాదు. చెరుకు రసంలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. బెల్లం వండేవాళ్లు తెరిచిన పెనంలో పాకాన్ని 115 డిగ్రీలు దాటేదాకా మరిగిస్తారు. నీరు ఇగిరిపోతుంది, దాంతోపాటే చక్కెర కొంత విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, పాకం ఎర్రబారుతుంది. బెల్లానికి ఆ రంగూ వాసనా కావాలి. తెల్లటి పలుకు కావలసిన ఫ్యాక్టరీకి అదే నష్టం. అందుకే చక్కెర ఫ్యాక్టరీలో రసానికి ముందుగా సున్నం కలిపి పులుపు విరుస్తారు. ఆ తర్వాత పలుకు కట్టించేటప్పుడు, మూసిన పాన్‌లోంచి గాలి లాగేసి 60, 70 డిగ్రీల దగ్గరే మరిగిస్తారు. లోపల ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ఈ పద్ధతిని ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ హోవార్డ్ 1813లో తెచ్చాడు. పాన్ దగ్గర నిలబడ్డ పనివాడు మధ్యమధ్య కాస్త పాకం బయటికి తీసి, గాజు ముక్క మీద పలచగా పరిచి, వెలుతురుకు పట్టి పలుకు చూస్తాడు. 1937లో బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో వెలసి 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్స్ ఈ నేలకు చూపిన విద్య ఇది. పని త్వరగా కావాలని మంట పెంచలేదు, తక్కువ మంటకే పనయ్యే మార్గం వెతికారు.

అదే జిల్లాలోని ఆర్మూర్, బాల్కొండ పసుపు రైతులదీ ఇలాంటి నేర్పే. తవ్విన కొమ్ముల్ని నీళ్లలోనో ఆవిరిలోనో ఉడికిస్తారు. నురగ పొంగి, పచ్చివాసన పోయి పసుపు వాసన గుప్పుమనగానే పుల్లతో గుచ్చి చూస్తారు. సులువుగా దిగితే దించేస్తారు. మించి ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే కొమ్ము పెళుసవుతుంది. ఉడికిన కొమ్ము పది, పదిహేను రోజులు కల్లంలో ఎండాల్సిందే. యంత్రంలో వేడిగాలితో ఆరబెట్టినా 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఉడకడం మంట పని, ఆరడం ఎండ పని. రైతు ఒకదాని పని రెండోదానికి అప్పజెప్పడు.

వేప్ సీసాను వేడినీళ్లలో మరిచిపోయేవాళ్లు సరిగ్గా ఆ రైతు చేయని పనే చేస్తారు. మూత తీసి వేడి చేస్తే గది ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన సీసాలోంచి పోయినదే. అరటిపండు, నిమ్మ వాసనలనిచ్చే తేలికపాటి పదార్థాలు మొదట ఎగిరిపోతాయి. ద్రవం ముదురు రంగుకు తిరిగితే బాగా ఊరిందని మురిసిపోతారు. నికొటిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడినా, వెనిలిన్ మారినా అదే రంగు వస్తుంది. కాబట్టి రంగును చూసి రుచిని నమ్మడానికి లేదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. వెనిలా, దాల్చినచెక్క, బాదం వాసనలనిచ్చే ఆల్డిహైడ్లు ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి ఎసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారుతున్నాయని 2018లో యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపారు. మామూలు గది వేడిలోనే ఈ మార్పు జరుగుతోంది. శ్వాసమార్గంలో మంటను పసిగట్టే గ్రాహకాలను అవి మూల పదార్థాల కంటే గట్టిగా రెచ్చగొడతాయని కూడా తేల్చారు. తినడానికి పనికొచ్చే రుచి ద్రవ్యం కాబట్టి పీల్చినా పరవాలేదన్న మాట అక్కడితో చెల్లదు. ఊరడం అని మనం ముద్దుగా అనుకునేదాంట్లో ఇదీ ఒక భాగం.

పీల్చడమే కాదు, నికొటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు వాంతులు, తల తిరుగుడు పట్టుకునేది అందుకే. వేడినీళ్లలో తూలిన సీసా, వంటగట్టు మీద ఒలికిన చుక్కలు, అందుకునే పసివాడి చెయ్యి: ఇల్లు ఇలాంటి పనికి తగిన చోటు కాదు. చట్టం కూడా ఒప్పుకోదు. 2019 సెప్టెంబరు ఆర్డినెన్స్, డిసెంబరు చట్టం ప్రకారం ఈ-సిగరెట్‌ను గానీ దాని భాగాన్ని గానీ తయారుచేస్తే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సిగరెట్టో బీడీయో మానడానికే ఈ సీసా దాకా వచ్చినవాళ్లుంటే, ప్రభుత్వ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు. కాల్‌కు ఖర్చు లేదు.