టీమ్‌ బీపీ... లీడర్‌ చేతిలో!

రాత్రి తొమ్మిదిన్నర. అన్నంలో చారు పోసుకుంటుండగా ఫోన్‌ టింగుమంటుంది. ‘చిన్న డౌట్‌. రేపు పొద్దున చూసినా పర్లేదు’ అని టీమ్‌ లీడర్‌ మెసేజ్‌. పంపిన వ్యక్తికి అది నిజంగానే చిన్న డౌటే. అందుకున్న మనిషికి మాత్రం భోజనం అక్కడితో అయిపోతుంది. చెయ్యి కంచంలో, మనసు లాప్‌టాప్‌లో. ఆ తర్వాత పడుకున్నా ఓ పట్టాన నిద్ర రాదు. హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్‌ ఇళ్లలోనే కాదు, మార్చి నెలాఖరున బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలోనూ, నెల చివర్లో సేల్స్‌ వారి ఇళ్లలోనూ కనిపించేది ఇదే.

ఆఫీసు ఒత్తిడి అనగానే మనం ఉద్యోగికే సలహాలు చెబుతాం. యోగా చెయ్యి, నడక మొదలుపెట్టు, రాత్రి ఫోన్‌ దూరంగా పెట్టు అంటాం. అవన్నీ మంచివే. కానీ ఏ పని ఎవరు చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి అని నిర్ణయించే మనిషి సంగతి మాత్రం ఎత్తం. పదిమంది టీమ్‌ను నడిపే వ్యక్తి పని పంచే తీరు మీద ఆ పదిమంది నిద్ర, తిండి, బీపీ చాలావరకు ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఈసారి సలహాలు లీడర్లకు!

పని మీద పట్టు ఎవరిది?

పెద్ద పదవిలో ఉన్నవారికే గుండెజబ్బులు ఎక్కువని చాలాకాలం అనుకునేవారు. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన ‘వైట్‌హాల్‌’ అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. పై అధికారుల కన్నా కింది మెట్టులోని ఉద్యోగుల్లోనే గుండెజబ్బు మరణాలు ఎక్కువని తేలింది. పొగ తాగడం వంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. మైకేల్‌ మార్మట్‌ బృందం 1985లో పదివేల మందికి పైగా ఉద్యోగులతో రెండో అధ్యయనం మొదలుపెట్టింది. ఎప్పుడు ఏది చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్నది తమ చేతిలో లేనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నట్టు అందులో బయటపడింది. పని భారం ఎక్కువగా ఉండి, దాని మీద పట్టు తక్కువగా ఉండటమే అసలు ప్రమాదమని అమెరికా పరిశోధకుడు రాబర్ట్‌ కరాసెక్‌ 1979లోనే చెప్పారు.

దీన్ని ఆఫీసులోకి తెస్తే విషయం చాలా చిన్నది. ‘శుక్రవారానికల్లా అయిపోవాలి’ అనడానికీ, ‘దీనికి నీకెన్ని రోజులు పడుతుంది? ముందు ఏది ఇవ్వగలవు?’ అని అడగడానికీ మధ్య ఉన్న తేడా అది. చివరికి తేదీ అదే శుక్రవారం కావచ్చు. అయినా రెండో పద్ధతిలో పట్టు పని చేసేవారి చేతిలో ఉంటుంది.

గంటల సంగతి కూడా తక్కువది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన లెక్క ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకన్నా ఎక్కువ చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. వారానికి 55 గంటలంటే అయిదు రోజులు, రోజుకు 11 గంటలు. పొద్దున పదింటికి లాప్‌టాప్‌ తెరిచి రాత్రి తొమ్మిదింటికి మూసేవాళ్లు మీ టీమ్‌లో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకోండి.

దసరాకి గృహప్రవేశం!

ఇల్లు కట్టించినవాళ్లకు ఇది బాగా తెలుసు. మేస్త్రి దసరాకి గృహప్రవేశం అంటాడు. ఉగాది దాటినా గోడలకు సున్నం పడదు. ఆయన అబద్ధమాడలేదు. అన్నీ సవ్యంగా జరిగితే ఎన్నాళ్లు పడుతుందో ఆ లెక్క చెప్పాడంతే. మనుషులందరికీ ఉన్న ఈ గుణాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్‌ కానెమన్‌, ఆమోస్‌ ట్వెర్స్కీ 1979లో వివరించారు. పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగానే ఊహిస్తాం. అంతకుముందు అలాంటి పనులన్నీ ఆలస్యమైన సంగతి తెలిసినా ‘ఈసారి అలా కాదులే’ అనుకుంటాం.

విరుగుడు కూడా వారే చెప్పారు. ఈ పని ఎన్ని రోజుల్లో అవుతుందని ఊహించే ముందు, ఇలాంటిది పోయినసారి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో చూడాలి. నాలుగు వారాలన్న పని ఏడు వారాలు పట్టి ఉంటే, ఈసారీ నాలుగే రాసుకోవడం ఆశ అవుతుంది గానీ ప్లాన్‌ కాదు. ఆ మిగతా మూడు వారాలూ ఎక్కడి నుంచి వస్తాయి? టీమ్‌ నిద్రలోంచి, ఆదివారాల్లోంచి వస్తాయి.

పని వెనకపడగానే చాలామంది లీడర్లు ‘ఇంకో ఇద్దర్ని ఇవ్వండి’ అని అడుగుతారు. ఐబీఎంలో భారీ సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్‌ బ్రూక్స్‌ 1975లో రాసిన పుస్తకంలో దీని గుట్టు విప్పారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టులోకి కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందన్నారు. కొత్తవారికి నేర్పేది, అప్పటికే నలిగిపోతున్న పాతవారే కదా! పైగా అయిదుగురున్న టీమ్‌లో మనిషికీ మనిషికీ మధ్య మాటల దారులు 10. పదిమంది అయితే అవి ఇరవై కావు, 45! మీటింగులు ఎందుకు పెరుగుతాయో ఇప్పుడు అర్థమైందా? అలాంటప్పుడు మనుషుల్ని పెంచడం కన్నా పనిని తగ్గించడం మేలు. ‘ఈ తేదీకే కావాలంటే ఈ మూడు ఇస్తాం, మిగతా రెండు వచ్చే నెల’ అని పైవాళ్లకు చెప్పగలగాలి. చెప్పడం కష్టమే. లీడర్‌కు జీతం ఎక్కువ ఇచ్చేది అందుకే.

‘సరే సార్‌’తో జాగ్రత్త

మన ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే మాట ‘సరే సార్‌’. దాని అర్థం ‘అవుతుంది’ అనే అనుకుంటే పొరపాటు. ‘కాదని చెప్పే ధైర్యం లేదు’ అని కూడా కావచ్చు.

హార్వర్డ్‌ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్సన్‌ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా నడిచే నర్సుల టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకున్నారు. చూస్తే ఎక్కువ నమోదయ్యాయి! తరచి చూస్తే తెలిసిందేమిటంటే, ఆ టీముల్లో తప్పును దాచకుండా చెప్పుకోగలుగుతున్నారు. మిగతాచోట్ల భయంతో దాచేస్తున్నారు. ఆసుపత్రిలో దాచిన తప్పు రోగి ప్రాణం మీదికి రావచ్చు. ఆఫీసులో అయితే ప్రాజెక్టు అప్పగించే ముందు రోజు రాత్రి బయటపడి పదిమందినీ తెల్లవార్లూ కూర్చోబెడుతుంది.

అందుకే తప్పు బయటపడగానే ‘ఎవరు చేశారు?’ అనే ప్రశ్నను మింగేసి ‘ఎలా జరిగింది?’ అని అడగాలి. పని అప్పగించేటప్పుడు ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. ‘ఇందులో ఎక్కడ ఇరుక్కుంటామనుకుంటున్నావు?’ అంటే నోరు విప్పుతారు. కొత్తగా చేరినవారిని, మాట తక్కువున్నవారిని పదిమందిలో కాకుండా విడిగా అడగండి.

అమెరికా పగలు, మన రాత్రి

న్యూయార్క్‌కూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, అక్కడ నవంబరులో గడియారం మార్చాక పదిన్నర గంటల తేడా. అక్కడ పొద్దున పదింటి మీటింగ్‌ మనకు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర. కాలిఫోర్నియా క్లయింటు తొమ్మిదింటికి కూర్చుంటే మనకు పదిన్నర. పిల్లల చదువులు, భోజనాలు, పెద్దవాళ్ల మందులు అన్నీ ఆ వేళకే! కాల్‌ అయిపోగానే మెదడు స్విచ్‌ ఆపినట్టు ఆగదు. నిద్ర మరో గంట వెనక్కి జరుగుతుంది.

కాల్‌ను మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. కానీ ఆ కాల్‌లో పదిమందీ ఉండాలా? మాట్లాడేది ఇద్దరే అయితే మిగతా ఎనిమిదిమంది మైక్‌ ఆపేసి ఎందుకు కూర్చోవాలి? వారానికొకరు చొప్పున వంతులు వేసుకోవచ్చు. రాత్రి కాల్‌లో ఉన్నవారికి మర్నాడు ఆలస్యంగా వచ్చే వీలివ్వాలి. అది దయ కాదు, పనిగంటల లెక్క. ఇక రాత్రి మెసేజ్‌లకు టీమంతా ఒక మాట అనుకోవడం మంచిది: ఫోన్‌ చేస్తే అత్యవసరం, మెసేజ్‌ పెడితే రేపటి పని. రాత్రి గుర్తొచ్చిన విషయాన్ని రాసిపెట్టి పొద్దున తొమ్మిదింటికి వెళ్లేలా అమర్చుకునే సదుపాయం ఇప్పుడు చాలా ఈమెయిళ్లలో ఉంది. రెండు నొక్కుల పని.

చెల్లెలి పెళ్లిలో మండపం పక్కన కూర్చొని లాప్‌టాప్‌ తెరిచే అన్నలను, అక్కలను చూస్తున్నాం. వారికి పని మీద అంత ప్రేమ అనుకోకండి. ఆ పని తెలిసింది వారొక్కరికే అయి ఉంటుంది. ఒక్కరికే తెలిసిన పని ఆఫీసుకు ముప్పు, ఆ మనిషికి జైలు. ప్రతి ముఖ్యమైన పనీ కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. ఈ ఏర్పాటు చెయ్యకుండా నెలకోసారి పిజ్జాలు తెప్పిస్తే లాభం లేదు.

ఈ గుర్తులు కనిపిస్తే...

ఉద్యోగంలో తగ్గకుండా కొనసాగే ఒత్తిడితో మనిషి లోపల కాలిపోయినట్టవడాన్ని ‘బర్నౌట్‌’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన సమస్యగా పేర్కొంది. ప్రధాన లక్షణాలు మూడు: ఒంట్లో సత్తువంతా ఇంకిపోయినట్టుండటం, పని మీద విముఖత, చేసే పనిలో పస తగ్గడం. చలాకీగా ఉండే మనిషి మీటింగుల్లో మాట్లాడటం మానేసినా, ఎప్పుడూ చెయ్యని పొరపాట్లు చేస్తున్నా, సోమవారాల్లో తరచూ సెలవు పెడుతున్నా లీడర్‌ గమనించాలి. విడిగా పిలిచి ముందు వినాలి. వెంటనే రెండు పనులు తగ్గించాలి. జబ్బు పేరు చెప్పడం లీడర్‌ పని కాదు, అది డాక్టర్‌ పని.

ఛాతీలో నొప్పి, బరువు, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం వంటివి ఉంటే ‘గ్యాస్‌ అయ్యుంటుంది’ అని కూర్చోకుండా 108కి ఫోన్‌ చెయ్యాలి. రెండు వారాలు దాటినా నిద్రలేమి, దిగులు వదలకపోతే మానసిక వైద్యులను కలవాలి. ‘బతకాలని లేదు’ అనే మాట ఎవరినోటి నుంచి వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వ ‘టెలి మానస్‌’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్‌ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్లు చెయ్యగలిగిందీ ఒకటుంది. ‘ఆ ఉద్యోగం మానెయ్‌’ అని రోజూ పోట్లాడే బదులు, రెండు వారాల పాటు క్యాలెండర్‌ మీద లాప్‌టాప్‌ తెరిచిన వేళ, మూసిన వేళ రాసిపెట్టండి. లీడర్‌తో మాట్లాడేటప్పుడు ‘చాలా ఒత్తిడిగా ఉంది సార్‌’ అనడం కన్నా ‘పోయిన వారం 61 గంటలైంది సార్‌’ అని కాగితం చూపించడం తేలిక.