కింద నల్లరేగడి... పైన ఎంత దడదడలాడించినా దండగే!

రెండేళ్ల కిందటి మాట. నరసరావుపేటలో మా ఇంటి ముందు జాగాలో పార్కింగ్ టైల్స్ వేయించాలనుకున్నాం. మేస్త్రీ కూలి మిగుల్చుదామని నేనే రంగంలోకి దిగా. ప్లేట్ కాంపాక్టర్ అద్దెకు తెచ్చా. అరగంట వీడియోలు చూసి ‘ఇంతేగా!’ అనుకున్నా. సాయంత్రానికల్లా నేల అద్దంలా వచ్చింది. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టేశా.

వానాకాలం రాగానే గేటు దగ్గర టైల్స్ గుంటపడ్డాయి. ఓ పొద్దున మా నాయనమ్మ అక్కడే కాలు మడతపడి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది!

బాగుచేయడానికి వచ్చిన పెద్ద మేస్త్రీ నాలుగు టైల్స్ ఊడదీసి, గడ్డపారతో కింద గుచ్చి చూశాడు. ‘అబ్బాయ్, పైన ఇసక బానే కుదించావు. దాని కింద ఏ మట్టి ఉందో చూశావా?’ అన్నాడు. చూడలేదు. కింద ఉన్నది నల్లరేగడి.

ఇంతకీ ఆ యంత్రం చేసేదేంటి?

ప్లేట్ కాంపాక్టర్ బరువుతో తొక్కదు, వణికిస్తుంది. కింది ఇనప పలక నిమిషానికి కొన్నివేల సార్లు అదురుతుంది. ఆ అదురుకు ఇసక, కంకర గింజలు జరిగి, సందులు పూడ్చుకుని దగ్గరవుతాయి. డబ్బాలో బియ్యం పోసి కుదిపితే కిందికి దిగినట్టే. బంకమట్టి అలా కాదు. అందులో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, అదిరిస్తే విడిపోవు. దానికి దెబ్బ పడాలి. అందుకే పాతకాలంలో దిమ్మిసతో కొట్టేవాళ్లు. ఇప్పుడు ఆ పనికి రామ్మర్ వాడుతున్నారు.

ఏ నేలకు ఏ పద్ధతి?

ఇసక, కంకర, గ్రావెల్: ప్లేట్ కాంపాక్టర్‌కు సరైన నేల ఇదే. అయితే అడుగు మందం ఒకేసారి పోసి కుదిస్తే పైపొర మాత్రమే గట్టిపడుతుంది. 4 నుంచి 6 అంగుళాల చొప్పున పొరలుగా పోసి, ఒక్కో పొరనూ విడిగా కుదించాలి. అంచు నుంచి మొదలుపెట్టి, వెళ్లిన దారి మీదికి కొంచెం ఎక్కిస్తూ లోపలికి రావాలి.

నల్లరేగడి: మన పల్నాడులో పత్తికీ, మిర్చికీ అన్నం పెట్టే నేల ఇది. కానీ వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. ఎంత కుదించినా ఆ గుణం పోదు. చిన్న పనులకైతే కొంత లోతు తీసేసి గ్రావెల్ నింపడం, నీళ్లు నిలవకుండా వాలు పెట్టడం మేలు. ఇంటి పునాదికైతే ఇంజినీరును అడగాల్సిందే.

టైల్స్: పలక కింద రబ్బరు మ్యాట్ లేకపోతే అంచులు పగులుతాయి. ఒకసారి తిప్పాక సందుల్లో పొడి ఇసక ఊడ్చి, మళ్లీ తిప్పాలి.

తారు: వేడి మీదే కుదించాలి. పలకకు అంటకుండా నీళ్లు పడే ట్యాంకు ఉన్న యంత్రం తీసుకోవాలి.

గట్టిపడిన కాంక్రీటు: దీని మీద అసలు నడపొద్దు. యంత్రం ఎగిరెగిరి పడి పాడవుతుంది, మన చేతులూ అదిరిపోతాయి.

నీళ్లలోనే ఉంది కిటుకు

మట్టి మరీ పొడిగా ఉంటే కుదురుకోదు, మరీ తడిస్తే బురదే. ఎంత తడి ఉంటే బాగా గట్టిపడుతుందో కొలిచే పద్ధతిని 1933లో అమెరికా ఇంజినీరు ప్రాక్టర్ చెప్పాడు. రోడ్ల పనుల్లో ఇప్పటికీ ఆ పేరుతోనే పరీక్ష చేస్తారు. మేస్త్రీ పరీక్ష ఇంకా తేలిక. గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కాలి. ముద్ద కట్టి, విరిస్తే రెండు మూడు ముక్కలైతే సరిపోయినట్టు. పొడిలా రాలితే నీళ్లు చల్లాలి. చేతికి తడి అంటితే ఆరనివ్వాలి.

ఒళ్లు జాగ్రత్త!

చెప్పులతో ఈ యంత్రం దగ్గరికి వెళ్లొద్దు, బూట్లు ఉండాలి. చెవులకు రక్షణ పెట్టుకోవాలి. ఎక్కువసేపు పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మధ్యమధ్యలో ఆపాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోయొద్దు. లోతు గోతుల్లో అయితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది. వాలు మీద యంత్రానికి దిగువన నిలబడొద్దు.

ఈసారి రెండడుగుల నల్లమట్టి తీయించాం. గ్రావెల్ పొరలు పోసి, మేస్త్రీ పక్కన నిలబడి చెబుతుంటే యంత్రం నేనే నడిపా. మొదటిసారి మిగుల్చుకున్న కూలికి మూడింతలు ఖర్చయింది.

రెండు వానాకాలాలు వెళ్లాయి, టైల్స్ కదల్లేదు. నాయనమ్మ మాత్రం గేటు దగ్గరికి రాగానే ఇప్పటికీ ఓ క్షణం ఆగి, కాలితో తట్టి చూసి గానీ అడుగు వేయదు. నేల ఎలాంటిదో తెలుసుకోకుండా దాని మీద పని మొదలుపెట్టకూడదని నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.