‘కోల్డ్ వార్’ అను మాట వెనుక

ఒకే వేదికమీద కూర్చుండిన ఇరువురు మంత్రులు పలుకరించుకొననిచో, ఒకే పక్షమందలి రెండు వర్గములు పొరపొచ్చములు పెంచుకొన్నచో, వారి నడుమ ‘కోల్డ్ వార్’ సాగుచున్నదని మన పత్రికలు తక్షణమే వ్రాయుచున్నవి. అలుకకును, అసూయకును, తోడికోడండ్ర మౌనమునకును ఈ ఆంగ్లపదబంధమే పేరైనది. ఈ వాడుక నాకు సమ్మతము కాదు. ఏలయన, ఈ మాట లోకమున వ్యాప్తిచెందిన కాలము సామాన్యమైనది కాదు.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు భస్మమైన పిదప, అదే యేడు అక్టోబరు 19వ తేదీన, జార్జి ఆర్వెల్ లండనునందలి ‘ట్రిబ్యూన్’ వారపత్రికలో అణుబాంబును గూర్చి వ్యాసము ప్రకటించి, అట్టి ఆయుధమును చేజిక్కించుకొన్న రాజ్యము జయింపరానిదై, పొరుగు రాజ్యములతో ఎడతెగని ‘కోల్డ్ వార్’ స్థితిలో నిలిచిపోవునేమోయని శంకించెను. 1947 ఏప్రిల్ 16న బెర్నార్డ్ బరూక్ దక్షిణ కరోలినా శాసనసభలో, పత్రికారచయిత హెర్బర్ట్ బేయార్డ్ స్వోప్ సమకూర్చిన ప్రసంగమున, ఈ మాటను అమెరికా సోవియట్ యూనియన్ల వైరమునకు అన్వయించెను. ఆ సంవత్సరమే వాల్టర్ లిప్‌మన్ దానిని తన గ్రంథమునకు నామముగా నుంచుటతో అది సర్వత్ర ప్రసిద్ధమయ్యెను.

ఉభయపక్షములును సర్వసంహారకములైన శస్త్రములను పోగుచేసికొని, వాటిని ప్రయోగించినచో తామును మిగులమను భయముచేతనే ప్రత్యక్షసమరమునకు దిగక, ప్రచారము, గూఢచర్యము, ఆర్థికసాహాయ్యము, అన్యుల అంతర్యుద్ధములు అను మార్గములందు పోరాడుట దీని నిజలక్షణము. మనము ‘ప్రచ్ఛన్న యుద్ధ’మని వ్యవహరించు ఆ వైరమున నిగ్రహము ఆ యిరువురి సరిహద్దులకే పరిమితము, నెత్తురు మాత్రము కొరియాలో, వియత్నాములో, అంగోలాలో ఏరులై ప్రవహించినది. కొరియాలో 1953 జులై 27న యుద్ధవిరామపత్రముపై సంతకములు జరిగినవేకాని శాంతిసంధి నేటికిని కుదరలేదు.

1962 అక్టోబరులో ఆ నిగ్రహము సైతము తెగిపోవలసినదే. క్యూబాలో సోవియట్ క్షిపణులున్నవని తెలిసి అమెరికా ఆ ద్వీపమును నౌకలతో చుట్టుముట్టగా, 27వ తేదీన, అణుటార్పిడోను మోయుచు సాగరగర్భమున నున్న సోవియట్ జలాంతర్గామి బీ-59ను పైకి రప్పించుటకై అమెరికన్ యుద్ధనౌకలు హెచ్చరికగా చిన్న విస్ఫోటములు గావించినవి. మాస్కోతో సంబంధము తెగి, ఉక్కతో ఊపిరాడని ఆ నౌకలో, టార్పిడో ప్రయోగమును వారించి వాసిలీ ఆర్ఖిపోవ్ అను అధికారి నాయకుని శాంతింపజేసెనని తోటినావికులు పిమ్మట చెప్పిరి. మానవజాతి ఒక మనుజుని వివేకముపై ఆధారపడి నిలిచిన ఆ దినమును స్మరించునపుడెల్ల నా మనస్సు కంపించును. మరుసటి యేడు జూన్ 20న రెండు రాజధానుల నడుమ నేరుగా వార్తలు పంపుకొను ఏర్పాటునకు ఒడంబడిక కుదిరెను. జనులు ఎర్రని టెలిఫోనని భావించు ఆ సాధనము వాస్తవమునకు టెలిప్రింటరు.

ఆ వైరమునందలి ప్రచారపర్వము మనకొక మేలును గూర్చె ననుటయు న్యాయమే. రాచమల్లు రామచంద్రారెడ్డి, ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో నుండి చేసిన అనువాదములవలన రష్యన్ సాహిత్యము స్వల్పమూల్యమునకే తెలుగు పాఠకుల యిండ్లకు చేరినది.

పత్రికాసంపాదకులకు నా విన్నపమిది: ఇరువురు నాయకులు ఎడమొగము పెడమొగముగా నున్నచో అట్లే వ్రాయుడు, ఉప్పునిప్పుగా నున్నారనుడు, కక్షయనుడు, కార్పణ్యమనుడు. అణ్వస్త్రధారులైన రాజ్యములు నేడును ఎదురెదురుగా నిలిచియున్నవి. ‘కోల్డ్ వార్’ అను మాటను వాటికొరకే దాచియుంచుడు.