లండను పరీక్ష నుండి తెలుగు జవాబు దాకా

భారత సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష 1855లో లండనులో ఆరంభమైంది. సముద్రం దాటగల స్తోమత లేనివారికి అది అందని పండు. 1863లో ఉత్తీర్ణుడైన తొలి భారతీయుడు రవీంద్రుని అన్న సత్యేంద్రనాథ్ ఠాగూర్. 1878లో గరిష్ఠ వయస్సును 19 ఏళ్ళకు కుదించడంతో మనవారి అవకాశాలు మరింత సన్నగిల్లాయి. స్వదేశంలో పరీక్ష జరగడానికి 1922 దాకా వేచివుండవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం రాగానే, పరాయి ప్రభుత్వాన్ని సేవించిన ఈ వర్గం మనకెందుకని పలువురు ప్రశ్నించారు. నిర్భయంగా తమ అభిప్రాయం చెప్పగల ఉద్యోగులు లేనిదే సమైక్య భారతం నిలువదని 1949లో రాజ్యాంగ సభలో సర్దార్ పటేల్ సమాధానమిచ్చారు. రాజ్యాంగంలోని 312వ అధికరణం అఖిల భారత సర్వీసులకు ఆధారమైంది.

అయినా పరీక్ష ప్రధానంగా ఇంగ్లీషులోనే సాగుతూ వచ్చింది. కొఠారీ సంఘం సిఫారసుల మేరకు 1979 నుండి తెలుగు మొదలైన భారతీయ భాషలలోనూ జవాబులు వ్రాసే వీలు కలిగింది. రైతు అర్జీని అతని మాటలోనే చదువగల అధికారికి పాలన కొంత సులువు. పటేల్ కోరిన నిర్భయత్వాన్ని మాత్రం ఏ పరీక్షా కొలవలేదు.